మద్దిలేటి భుజం

మద్దిలేటిని దేవుడు రెండు విడతలుగా చేయాలనుకుని ఉంటాడని శంకరమ్మ నమ్మకం. మొదటి విడతలో ఒడ్డూ పొడుగూ, కోటేరేసిన ముక్కూ, మేలిమి రంగూ, నవ్వితే బుగ్గ మీద పడే సొట్టా అన్నీ శ్రద్ధగా పూర్తిచేసి, మెదడు సంగతి అన్నం తిని వచ్చాక చూద్దాంలే అని లేచి వెళ్ళి ఉంటాడు. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

కనగానపల్లి వీధిలో వాడు నడిచి వస్తుంటే నీళ్ళు చేదే ఆడవాళ్ళు బిందెలు నిండిపోయి పొర్లుతున్నా చూసుకునేవారు కాదు. అంతటి అందగాడు. నోరు తెరిచాడా, ఇక సరిపోయింది! ఒక సాయంత్రం, మేతకు పోయిన గొర్రెలు ఇంకా ఇల్లు చేరలేదు, పోయి తోలుకురమ్మని వాళ్ళమ్మ ఈరక్క పంపింది. వాడు ఠీవిగా ముందు నడుస్తూ పెద్ద మందను తెచ్చి దొడ్డి నింపాడు. తీరా చూస్తే ఈరక్క గొర్రెలు వేరే దారిన అంతకుముందే వచ్చి దొడ్లో పడుకుని ఉన్నాయి.

"ఇవి మనవి కావు గదరా! ఎవరివిరా ఇవి?" అని ఈరక్క నెత్తి కొట్టుకుంది.

"ఏమోమా. నేను ముందర నడుస్తాంటే అవే నా యెనక వచ్చినాయి," అన్నాడు మద్దిలేటి.

తెల్లారి రామగిరి గొర్రెలవాళ్ళు కట్టెలు పట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్ళు వాడి ముఖం చూసి, ఇంత చక్కని బిడ్డ దొంగతనం చేస్తాడా అని తమలో తామే అనుకుని, ఈరక్క ఇచ్చిన మజ్జిగ తాగి మందను తోలుకుపోయారు. వాడి ముఖం వాడికి చేసిన మేలు అలాంటిది. అందుకే వాడికి తెలివి అవసరం ఎప్పుడూ పడలేదు.

మొగుడు పోయిన ఈరక్కకు ఉన్నది ఒకటే దిగులు, వీడి పెళ్ళి. సంబంధాలకు కొదవ లేదు, రావడం వరుసకట్టి వచ్చేవి. చెన్నేకొత్తపల్లిలో పిల్ల తండ్రి మాట కలపడానికి, "మీ బావిలో నీళ్ళు ఎంత లోతుండాయప్పా?" అని అడిగాడు. "తెలీదు మామా. దిగేది వచ్చు గానీ ఎక్కేది రాదని మాయమ్మ దిగనీదు," అన్నాడు వీడు. ఇంకో ఊళ్ళో పిల్ల నచ్చిందా అని అడిగితే, బాగా నచ్చిందని చెప్పి, గడపలో బిడ్డనెత్తుకుని నిలబడిన పెళ్ళికూతురి అక్కను చూపించాడు. ఆ ఊరి నుంచి తల్లీకొడుకులు ఎలా బయటపడ్డారో ఆ దేవుడికే తెలియాలి. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ సంబంధాలు ఆగిపోయాయి.

అప్పుడు ఈరక్క కొడుకును వెంటబెట్టుకుని ధర్మవరం బస్సెక్కింది. శంకరమ్మదీ కనగానపల్లే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే వీధిలో గచ్చకాయలాడుకున్నారు. తర్వాత శంకరమ్మను ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఇంటికి ఇచ్చారు.

"నా బిడ్డను నీ చేతుల్లో పెడతాండా శంకరమ్మా. నీ అంగట్లో పెట్టుకో. రవ్వంత లోకం తెలిసేటట్టు చెయ్. వానికొక పెండ్లి చేసి నా కండ్లకు చూపించు. ఇంగ నాకేమీ వద్దు," అని ఈరక్క ఏడ్చింది.

శంకరమ్మ నోటికి కారం ఎక్కువైనా మనసు మెత్తన. "నాది పూచీ, పో" అనేసింది. అన్న మరుక్షణం నుంచీ ఆ మాట ఆమె మెడకు చుట్టుకుంది.

అప్పటికి ఆమె బతుకే అంతంతమాత్రంగా ఉంది. పోయిన మొగుడు ఆ వీధికల్లా తెలివైనవాడు. ఎంత తెలివంటే, పేకాటలో ఎదుటివాడి చేతిలో ఏ ముక్క ఉందో చూడకుండా చెప్పేవాడు. ఆ తెలివి రెండు మగ్గాలను మింగి, ఆమె ఒంటి మీది బంగారం మింగి, చివరికి ఆయన్నే మింగింది. పేకాట సంగతి పెళ్ళికి ముందే పెద్దలందరికీ తెలుసు. ఒక్కరూ ఆమెకు చెప్పలేదు. అది తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండేది.

మిగిలింది ఇంటి ముందు గదిలోని అంగడి ఒకటే. ఆ అంగడికీ ఒక చిక్కు వచ్చిపడింది. చాప మీద పరచి చూపిస్తే పట్టుచీర సగమే అమ్ముడవుతుంది. ఎవరో ఒకరు భుజాన వేసుకుని, కొంగు ముందుకు జార్చి, వాకిలి వెలుగులో నిలబడి చూపించాలి. మొగుడున్నన్నాళ్ళూ శంకరమ్మే చూపించేది. విధవ భుజం మీద వేసిన పెళ్ళిచీరను ఎవరు కొంటారు? ఆయన పోయాక ఒకసారి అలవాటు కొద్దీ చీర భుజానికెత్తబోయింది. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా కళ్ళు దించుకున్నారు. మంచినీళ్ళు తాగి, మళ్ళీ వస్తామని చెప్పి, పక్క అంగడికి పోయారు. ఆ రోజు శంకరమ్మ అన్నం ముట్టలేదు.

అలాంటి అంగట్లోకి మద్దిలేటి దిగాడు. చీర మడతపెట్టడం నేర్పేసరికే ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒకనాడు బెంగుళూరు బండిలో జరీ వ్యాపారి వస్తున్నాడు, స్టేషనుకు పోయి పిలుచుకురమ్మని పంపింది. వ్యాపారి తనంతట తాను ఇల్లు వెతుక్కుని వచ్చాడు, కాఫీ తాగాడు, మాట్లాడుకుని వెళ్ళిపోయాడు కూడా. మద్దిలేటి మాత్రం పొద్దు గూకాక వచ్చాడు.

"యాడ సచ్చినావురా ఇంతసేపు?"

"ఆయప్ప కోసమే నిలబడినా చిన్నమ్మా. ఎవరూ రాలేదు. ఎవరో ఒకాయన దిగి శంకరమ్మ ఇల్లు యాడ అని అడిగితే దారి చూపించి, మళ్ళీ ఆడనే నిలబడినా."

శంకరమ్మ లేచి పోయి వాడికి అన్నం వడ్డించింది.

వాడు ఎందుకు పుట్టాడో తెలిసింది హిందూపురం పెళ్ళివారు వచ్చిన రోజున. చీరలన్నీ తిరగేసి, "భుజాన వేసి చూపించేవాళ్ళు లేరామ్మా?" అని వాళ్ళు లేవబోయారు. శంకరమ్మకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. స్తంభానికి ఆనుకుని బొరుగులు నములుతున్న మద్దిలేటి కంటబడ్డాడు. "రేయ్, ఇట్ల రారా!" అని అరిచి, మామిడిపండు రంగు చీర తీసి వాడి భుజాన విసిరింది. వాడు అదేదో ఆట అనుకున్నాడు. కొంగు సర్దుకుని, వాకిట్లో వెలుతురుకు నిలబడి, సొట్ట పడేలా నవ్వాడు.

పెళ్ళివారిలోని ముసలావిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆ చీర తీసుకున్నారు. తీసుకుని, ఇంకొకటి వేసుకోమన్నారు. అదీ తీసుకున్నారు. ఎవరికీ ఏ అభ్యంతరమూ తోచలేదు. మగవాడు ముత్తైదువా కాడు, విధవా కాడు. మగవాడి భుజం గురించి ఏ శాస్త్రంలోనూ లేదు, రాసినవాళ్ళకు ఇలాంటి అవసరం ఒకటి వస్తుందని తోచి ఉండదు.

ఇక శంకరమ్మ వాడికి ఒకే ఒక్క నియమం పెట్టింది. "ఎవరేమడిగినా గమ్మునుండు. నవ్వు. నోరు తెరిచినావంటే నీకు తెలివి లేదని ఊరంతా తెలిసిపోతాది." చెప్పింది చెప్పినట్టు చేయడంలో మద్దిలేటిని మించినవాడు లేడు. వాడు గమ్మునున్న కొద్దీ వాడి పేరు పెరిగింది. శంకరమ్మ అంగట్లో పిల్లోడు చాలా లోతు మనిషంట, మాట తూచి మాట్లాడతాడంట అని ధర్మవరంలో చెప్పుకున్నారు. వింటూ శంకరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకునేది.

మూడేళ్ళు అలా గడిచాయి. యాభై ఏడులో పెనుకొండ దగ్గర పల్లె నుంచి ఓబుళప్ప పెద్దకూతురి పెళ్ళికి జవళి తీయడానికి, అంటే పెళ్ళిబట్టలు కొనడానికి, కుటుంబంతో దిగాడు. మంచి భూవసతి ఉన్న రైతు. మాట మొదలుపెడితే బండి చక్రానికి అడ్డం పెట్టే రాయి కూడా ఆపలేదు. ప్రశ్నా తానే వేసి జవాబూ తానే చెప్పుకునే రకం. భార్య లక్ష్మీదేవి ఆ వయసులోనూ చూపు తిప్పుకోలేని అందగత్తె. మూలన కూర్చుంది. "ఏమమ్మా, నీకీ రంగు నచ్చిందా?" అని శంకరమ్మ అడిగితే, "ఆయమ్మకేం తెలుసులే, నన్నడుగు," అన్నాడు ఓబుళప్ప. లక్ష్మీదేవి చిన్నగా నవ్వి తల వంచుకుంది.

రెండో కూతురు నీలావతి మాత్రం తండ్రికి తగ్గ నోరున్నది. పెద్దలు అంచు దగ్గర వాదులాడుకుంటుంటే, ఆ పిల్ల పోయి మద్దిలేటి భుజం మీది చీర కొంగు పట్టుకుని ఏదో అడిగింది. వాడు అటూ ఇటూ చూసి, వంగి, ఏదో చెప్పాడు. చెప్పాడు! నోరు తెరిచాడు! శంకరమ్మ గుండెల్లో రాయి పడింది. నీలావతి పైట నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతూ గోడ వైపు తిరిగింది.

అయిపోయింది, ఇక పెనుకొండ వైపు కూడా పరువు పోయింది అనుకుంది శంకరమ్మ. పెద్దదాని పెళ్ళి కాగానే ఓబుళప్ప మళ్ళీ వచ్చాడు.

"మా నీలావతికి మీ పిల్లోడు నచ్చినాడంటమ్మా. కులం మనదే, విచారించినా. నాకూ నచ్చినాడు. నెమ్మది మనిషి, మాట తక్కువ. ఏమంటావు? సరే అంటావు, నాకు తెలుసు."

కబురు అందిన ఈరక్క ఆనందంతో కనగానపల్లి అంతా బెల్లం పంచింది. పిల్లను చూడబోయిన రోజున శంకరమ్మ అరచేతిలో ప్రాణం పెట్టుకుని కూర్చుంది గానీ, ఓబుళప్ప ఉండగా మద్దిలేటికి నోరు తెరిచే సందెక్కడ దొరుకుతుంది? ముహూర్తం పెట్టేశారు.

శంకరమ్మకు మాత్రం అన్నం సహించలేదు. ఈరక్క ముఖం చూస్తే ఈ పెళ్ళి జరగాలి. నీలావతి ముఖం చూస్తే చెప్పేయాలి. నాకూ ఇట్లాగే గదా ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు నేనే ఒక ఆడపిల్ల గొంతు కోస్తున్నానా అని కుమిలింది. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూనే జవళి రోజు వచ్చేసింది. జవళి ఇంకెక్కడ? ఆమె అంగట్లోనే.

పెళ్ళికూతురు జవళికి రావడం వాళ్ళలో లేదు. నీలావతి వచ్చింది. కట్టుకునేది నేను, చూసేది మీరా అందట. ముహూర్తం చీర ఎర్రటిది, పచ్చ అంచుది ఖాయమైంది. ఈరక్క వైపు ముత్తైదువలు లేరు కాబట్టి ఓబుళప్ప అక్క సోమక్క ఆ చీరను పళ్ళెంలో పెట్టి, కొంగు కొసకు పసుపూ కుంకుమా పెట్టింది. పసుపు తగిలిందంటే ఆ చీర ఇక పెళ్ళికూతురిది. ఆమె కట్టుకునేదాకా అది ఇంకొకరి ఒంటి మీదికి ఎక్కకూడదు. ఈ సంగతి ధర్మవరంలో పసిపిల్లలకు కూడా తెలుసు.

శంకరమ్మ కాఫీ తేవడానికి లోపలికి పోయింది. ఆ కాస్త సేపట్లోనే కొంప మునిగింది. సోమక్క కేకకు కాఫీ గ్లాసులు పళ్ళెంలోనే దొర్లాయి.

"అయ్యయ్యో! పసుపు పెట్టిన చీరను పెండ్లికొడుకే కట్టుకుండాడే! ఇంగ పిల్లకేం కట్టిస్తారు, పంచా?"

శంకరమ్మ పరుగెత్తుకొచ్చింది. మద్దిలేటి వాకిలి వెలుగులో నిలబడి ఉన్నాడు, ఎప్పటిలాగే. ఎర్రచీర భుజాన, పసుపు కొంగు ముందుకు.

"తియ్రా! బిన్నా తియ్!" అని ఆమె గదిమింది.

మద్దిలేటి తీయలేదు. ఎదురుగా నిలబడి ఆమె చెప్పిన మాట వాడు విననిది, ఇన్నాళ్ళలో అదే మొదలు.

"రోజూ ఎన్ని యేసుకున్యా, అన్నీ ఊరోళ్ళ ఇండ్లకు పోతాయి చిన్నమ్మా," అన్నాడు. "ఇది ఒగటే మనింటికే వస్తాది అంటిరి. రవ్వంతసేపు ఉంచుకోనీండి."

శంకరమ్మ చీర లాగబోయిన చేతిని వెనక్కి తీసుకుంది. ఓబుళప్ప మాత్రం లేచాడు.

"ఏమప్పా, పసుపు పెట్టినాక ముట్టుకోగూడదని తెలీదా? నీకు రవ్వంతన్నా తెలివుండాదా?"

"లేదు మామా," అన్నాడు మద్దిలేటి, ఉన్నమాట ఉన్నట్టు. "అందుకే చిన్నమ్మ గమ్మునుండమనింది."

ఇంకేముంది! ఈరక్క చాప మీదనే కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. ఓబుళప్ప శంకరమ్మ వైపు తిరిగాడు. "ఏమమ్మా, ఇదా సంగతి? తెలివి లేనోన్ని నా బిడ్డకు అంటగడతాండావా?"

శంకరమ్మ ఇక దాచలేదు. "అవునన్నా. దాచిపెట్టింది నేనే, ఈరక్కది తప్పు లేదు. చెప్పల్ల చెప్పల్ల అనుకుంటానే ఉండా, నోరు రాలేదు. వాడు మంచోడు. ఆ మంచితనం తప్ప వాని తలకాయలో ఇంగేమీ లేదు. మీ బిడ్డ, మీ ఇష్టం."

"లేవండి అందరూ!" అన్నాడు ఓబుళప్ప.

"నాకు తెలుసు నాయనా," అంది నీలావతి. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. "మొదటి పొద్దే తెలుసు. ఏమి మాట్లాడవు అని అడిగితే, 'నోరు తెరిస్తే నాకు తెలివి లేదని తెలిసిపోతాదంట, నువ్వు ఎవరికీ చెప్పొద్దు' అన్యాడు. నేను ఎవరికీ చెప్పలేదు."

"తెలిసీ చేసుకుంటానన్యావా? నీకేమన్నా పిచ్చా?"

"నువ్వు మాయమ్మను ఏమి చూసి చేసుకుంటివి? తెలివుండాదా అని అడిగితివా? బాగుండాది, మాట తక్కువ, చెప్పినట్టు వింటాది అని గదా చేసుకుంటివి. మంచి సంబంధం కొట్టినాడు ఓబుళప్ప అని ఊరంతా అనలేదా? నేనూ అదే చూసి చేసుకుంటాంటే పిచ్చా?"

"మీయమ్మ మాట ఇప్పుడెందుకు? ఆయమ్మకేం తెలుసు?"

అప్పుడు మూలన ఉన్న లక్ష్మీదేవి లేచింది. ఆమె గొంతు ఎలా ఉంటుందో శంకరమ్మకు అంతవరకూ తెలియదు.

"నన్ను చూసేకి మీరొచ్చిన పొద్దు మాయమ్మ గమ్మునుండమని చెప్పింది," అంది మొగుడితో. "ఇంగ మాట్లాడొచ్చని ఎవరూ చెప్పలేదు."

ఓబుళప్ప నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి, ఆయన జన్మలో మొదటిసారి, ఏ మాటా రాలేదు. లక్ష్మీదేవి పళ్ళెంలోని పసుపు తీసుకుని మద్దిలేటి దగ్గరికి పోయి, వాడి భుజం మీది నుంచి వేలాడుతున్న కొంగు కొసకే మళ్ళీ పెట్టింది. "బిడ్డకు ఈ చీరే," అంది. సోమక్క ఏదో గొణిగింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. శంకరమ్మ చాప మీద కూర్చుని, ఈరక్కను పట్టుకుని బావురుమంది.

ముహూర్తానికి నీలావతి ఆ ఎర్రచీరే కట్టుకుంది. కాపురానికి ధర్మవరం వచ్చిన నాడే మొగుడితో, "ఇంగ నువ్వు మాట్లాడొచ్చు" అంది. మద్దిలేటి మాట్లాడాడు. అక్కా, ఈ రంగులో నువ్వు జ్వరమొచ్చినట్టుండావు అని ఒకావిడతో అంటే ఆమె లేచి వెళ్ళిపోయింది. శంకరమ్మ తల పట్టుకుంది. అయితే వాడికి అబద్ధం చెప్పే తెలివి లేదని తెలిశాక, వాడు బాగుందన్న చీరను ఆడవాళ్ళు మారుమాట లేకుండా కొనడం మొదలుపెట్టారు. అరవై మూడులో నీలావతి హిందూపురంలో ఇంకో అంగడి తెరిచింది.

అప్పటి నుంచీ లక్ష్మీదేవి నెలలో సగం రోజులు కూతురి కొత్త అంగట్లోనే ఉండేది. ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలన్నీ అక్కడ ఖర్చుపెట్టేది. ఒకసారి మద్దిలేటికి జ్వరం తగిలింది. శంకరమ్మ ఆ రోజు అక్కడే ఉంది. పెళ్ళివారు వచ్చి కూర్చున్నారు, భుజం లేదు. లక్ష్మీదేవి చుట్టూ చూసి, బెంచీ మీద కూర్చుని పల్లెలో వాన సంగతి ఎవరికో చెబుతున్న మొగుణ్ణి పిలిచి, నీలిరంగు చీర తీసి ఆయన భుజాన వేసింది.

"ఏమే ఇది? నేనేందో చెప్తాంటే..." అని ఓబుళప్ప మొదలుపెట్టాడు.

"గమ్మునుండండి. రవ్వంత నవ్వండి," అంది లక్ష్మీదేవి.

ఓబుళప్ప నవ్వాడు. పెళ్ళివారు కాసేపు చూసి, మద్దిలేటికి జ్వరం తగ్గాక వస్తామని చెప్పి లేచారు.